మీ బిడ్డ ఏ సంఘంలో సభ్యుడు?

కొన్ని నెలల క్రిందటి మాట. ఇషా అజాన్ ముగిసింది. మసీదుకు బయలుదేరుతూ పదకొండేళ్ళ మనవణ్ణి పిలిచాను. పలుకు లేదు. గదిలోకి వెళ్ళి చూస్తే మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, సెల్‌ఫోన్ ఆటలో మునిగిపోయి ఉన్నాడు. భుజం తట్టాను. తల ఎత్తకుండానే, "దాదాజాన్, ఒక్క అయిదు నిమిషాలు ఆగండి. ఇప్పుడు నేను వచ్చేస్తే మావాళ్ళు ఓడిపోతారు. మేము నలుగురం. నేను లేకపోతే ముగ్గురే మిగులుతారు" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఫోను లాగేసుకున్నాను. వాడు ఏడవలేదు, ఎదురు మాటాడలేదు. చెప్పులు వేసుకుంటూ, "వాళ్ళు నా కోసం చూస్తుంటారు" అని మాత్రం గొణిగాడు.

మసీదుకు నడిచినంతసేపూ ఆ మాట నన్ను వెన్నంటే ఉంది. వాడు ఎన్నడూ ముఖం చూడని ముగ్గురు పిల్లలు ఎక్కడో వాడి కోసం ఎదురు చూస్తున్నారు. అక్కడ వాడు లేకపోతే లెక్క ఒకటి తగ్గుతుంది. మరి మా ఇంట్లో, మా మసీదులో వాడు లేని రోజున ఎవరి లెక్క తగ్గుతున్నది? నిజాయితీగా ఆలోచిస్తే నాకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి నా జ్ఞాపకం అర్ధ శతాబ్దానికి పైగా వెనక్కు, మా ఇంటి రేడియో దగ్గరకు వెళ్ళింది.

వసారాలో ఒక రేడియో

మా బాల్యంలో శ్రీకాకుళం పట్టణంలో రేడియో ఉన్న ఇల్లు వీధికి ఒకటో రెండో ఉండేవి. రేడియోకు ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము చెల్లించాలి. పల్లెల్లోనైతే పంచాయతీ రేడియోయే ఊరందరికీ దిక్కు. 1963 ఆగస్టు 4న ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం ప్రారంభమయ్యేంతవరకు మన ఉత్తరాంధ్ర ప్రాంతం తెలుగు కార్యక్రమాల కోసం దూరపు కేంద్రాల వైపు చెవులు రిక్కించవలసి వచ్చేది. విశాఖ కేంద్రం వచ్చిన తరువాత ఆ గొంతులు పక్కింటి గొంతులంత దగ్గరయ్యాయి.

మా అబ్బా కొన్న రేడియోకు అమ్మీ అంచులకు లేసు కుట్టిన గుడ్డ తొడుగు వేసేది. పిల్లల కార్యక్రమం వచ్చే రోజున వీధిలోని పిల్లలంతా మా వసారాలో చేరేవారు. వారిలో ముస్లిముల పిల్లలు మేము ముగ్గురమే. మిగతావారు ఇరుగుపొరుగు హైందవ సోదరుల పిల్లలు. కథో, నాటికో సగంలో ఆగి "మిగతా భాగం వచ్చే వారం" అన్న ప్రకటన వెలువడగానే వసారా అంతా ఒక్కసారిగా నిట్టూర్చేది. ఆ పైన వారమంతా మా ఆటల్లో అదే కథ. తప్పిపోయిన పిల్లవాడు అడవి దాటాడా లేదా అని నాగావళి ఇసుకలో కూర్చుని వాదించుకునేవాళ్ళం. ఎవరికి తోచిన ముగింపు వారు చెప్పేవారు. ఒక కథకు ఆ విధంగా మా వీధిలోనే పది ముగింపులు పుట్టేవి.

ఒకనాడు మా ఆపా ఆకాశవాణికి ఒక కార్డు రాసింది. తన పేరు, ఊరు, చదువుతున్న తరగతి, కథలో తనకు నచ్చిన సంగతి, అంతే. కొన్ని వారాల తరువాత ఆ కార్డును రేడియోలో చదివారు. మా ఆపా పేరు, శ్రీకాకుళం పేరు పక్కపక్కన వినిపించాయి. వసారాలోని పిల్లలందరూ అది తమ పేరే అయినట్లు గంతులు వేశారు. ఆ సాయంత్రం జామియా మసీదులో అస్ర్ నమాజు ముగించుకుని వచ్చిన దాదాకు ఈ వార్త మా కంటె ముందే వీధి పిల్లలు చెప్పేశారు. ఆపా ఇప్పుడు డెబ్బయ్యో పడిలో ఉంది. ఎన్నో మరిచిపోయింది. కానీ ఆ రోజు తన పేరు చదివిన స్త్రీ గొంతును మాత్రం మరిచిపోలేదు.

రేడియో అన్నయ్య, అక్కయ్య

పిల్లల మనసులోని ఈ తహతహను తెలుగు నేలమీద అందరికంటె ముందుగా గుర్తించిన దంపతులు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్లు. రాఘవరావుగారు 1905లో బరంపురంలో జన్మించారు. నేడు అది ఒడిశాలో ఉన్నా, 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా మన ఇచ్ఛాపురం, సోంపేటలతోపాటు గంజాం జిల్లాలోనిదే. అంటే ఆయన ఒకవిధంగా మన పొరుగింటివారు.

1938 జూన్ 16న మద్రాసు ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. అక్కడ ఈ దంపతులు తెలుగు పిల్లల కార్యక్రమాలను చేపట్టారు. వారు తమను తాము ఉపాధ్యాయులమనో, కళాకారులమనో పరిచయం చేసుకోలేదు. "అన్నయ్య", "అక్కయ్య" అని పిలిపించుకున్నారు. ఈ పిలుపులోనే వారి విజయరహస్యం ఉన్నదని నేననుకుంటాను. గురువు దగ్గర భయం ఉంటుంది. ప్రసిద్ధ కళాకారుని దగ్గర దూరం ఉంటుంది. అన్నయ్య దగ్గర ఆ రెండూ ఉండవు. అన్నయ్య ఆటలో దిగుతాడు, తప్పు చేస్తే చెవి కూడా పట్టుకుంటాడు.

1940లో మద్రాసులోనే వారు ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు. గమనించండి, కార్యక్రమం మాత్రమే ఉంటే పిల్లవాడు శ్రోత. సంఘం వచ్చిన తరువాత వాడు సభ్యుడు. శ్రోత వింటాడు, మరిచిపోతాడు. సభ్యుడికి మాత్రం వంతు ఉంటుంది, పని ఉంటుంది, సాటివారు ఉంటారు. 1945 ఆగస్టులో వారు 'బాల' అనే మాసపత్రికను ఆరంభించారు. అందులో పెద్దలు పిల్లల కోసం రాయడమే కాదు, పిల్లలు కూడా రాసేవారు. ముళ్ళపూడి వెంకటరమణ మొదటి కథ అచ్చయినది ఆ పత్రికలోనే. చిత్రకారుడు బాపు చిన్ననాటి బొమ్మలకు చోటిచ్చినదీ అదే. ఆ ఇద్దరూ అప్పటికి లోకానికి తెలియని బాలురు. "నీవు పంపు, మేము చూస్తాము" అన్న ఒక్క భరోసా తరువాతి కాలంలో తెలుగువారికి ఎంత మేలు చేసిందో వేరే చెప్పనక్కరలేదు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఈ దంపతులు హైదరాబాదుకు తరలివచ్చి, అక్కడి ఆకాశవాణిలోనూ, బాలానంద సంఘంలోనూ తమ కృషిని కొనసాగించారు. అక్కయ్య 1980లోనూ, అన్నయ్య 1984లోనూ కన్నుమూశారు. ఆ కార్యక్రమాల్లోని పాటలు, ఆటలు అన్నీ మన ధర్మమర్యాదలకు సరిపోతాయని నేను చెప్పడం లేదు. వారి పద్ధతిలో మనం నేర్చుకోవలసినది ఉన్నదని మాత్రమే చెబుతున్నాను.

వర్తకుడు కనిపెట్టిన తాళంచెవి

ఇదే తహతహను వేరొక కన్నుతో చూసినవారు కూడా ఉన్నారు. అమెరికాలో 1930లో 'లిటిల్ ఆర్ఫన్ యానీ' అనే సాహస ధారావాహిక రేడియోలో మొదలైంది. తల్లిదండ్రులు లేని ఒక చిన్నపిల్ల దుర్మార్గుల ఎత్తులను చిత్తు చేసే కథలు అవి. ప్రతి భాగం ఉత్కంఠ దగ్గర ఆగేది. కార్యక్రమానికి ధనం సమకూర్చినది ఓవల్టీన్ అనే పానీయపు కంపెనీ. పిల్లలు ఆ డబ్బా కొన్నట్లు రుజువుగా దాని మూత కింది ముద్రను పంపితే 'రహస్య సంఘం'లో సభ్యత్వం లభించేది. 1935 నుండి సభ్యులకు ఒక బిళ్ళను కూడా పంపసాగారు. కార్యక్రమం చివర చదివే అంకెలను ఆ బిళ్ళ సాయంతో అక్షరాలుగా మార్చుకుంటే రహస్య సందేశం బయటపడేది. బిళ్ళ లేని పిల్లవాడికి అవి ఉత్త అంకెలే. డబ్బా కొనిపించమని ఇంట్లో మారాం చేయడానికి అంతకంటె బలమైన కారణం ఏమి కావాలి? 1940లో ఆ కంపెనీ యానీని విడిచి 'కెప్టెన్ మిడ్‌నైట్' అనే మరో వీరుణ్ణి చేపట్టింది. వీరుడు మారినా బిళ్ళ మారలేదు, డబ్బా మారలేదు.

ఇంగ్లండులో బీబీసీ 1946 నుండి 1951 దాకా 'డిక్ బార్టన్' అనే గూఢచారి ధారావాహికను వారానికి అయిదు సాయంత్రాలు, రోజుకు పావుగంట చొప్పున ప్రసారం చేసింది. బాగా నడిచిన రోజుల్లో దానికి కోటిన్నర మంది శ్రోతలు ఉండేవారు. పిల్లలు చెడిపోతున్నారని పెద్దలు గోల పెట్టగా, వీరుడు నేరం చేయరాదు, అబద్ధం చెప్పరాదు, మద్యం ముట్టరాదు వంటి నియమాలను ఆ సంస్థ రచయితలకు విధించింది. పిల్లల చెవిలో పడే మాటకు కాపలా ఉండాలని పెద్దలు అడిగారు, సంస్థ విన్నది. ఈనాడు మన పిల్లల ఫోనులోకి వచ్చే వీరుడికి అటువంటి నియమాలు ఎవరు విధిస్తున్నారు?

ఆస్ట్రేలియాలో మూడవ దారి ఒకటి కనబడుతుంది. అక్కడి ప్రభుత్వ రేడియో 1941 నుండి 1972 దాకా 'ఆర్గోనాట్స్ క్లబ్' అనే బాలల సంఘాన్ని నడిపింది. చేరిన ప్రతి పిల్లవాడికీ ఒక ఊహా నౌక పేరు, అందులో తెడ్డు వేసే స్థానానికి ఒక సంఖ్య ఇచ్చేవారు. పిల్లలు పంపిన కవితలు, బొమ్మలు, కథలు ఆ నౌక పేరుతో, ఆ సంఖ్యతో చదవబడేవి. కూలివాని బిడ్డ, కోటీశ్వరుని బిడ్డ ఒకే నౌకలో తెడ్డు పట్టుకున్నారు. పానీయం డబ్బా కొనవలసిన పని లేదు. పిల్లవాడు చెల్లించవలసినది తన ప్రయత్నం ఒక్కటే.

ఈ మూడు దేశాల కథలను, మన బాలానంద సంఘాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. పిల్లవాడి హృదయపు తలుపుకు మూడు తాళంచెవులున్నాయి. వాడిని పేరు పెట్టి పిలవడం మొదటిది. వాడికొక పని అప్పగించడం రెండవది. రేపటికొక మాట ఇచ్చి దానిని నిలుపుకోవడం మూడవది. వర్తకుడు ఈ మూడింటినీ వాడుకుని డబ్బాలు అమ్మాడు. అన్నయ్య, అక్కయ్య ఇవే తాళంచెవులతో పిల్లల్లోని ప్రతిభను వెలికి తీశారు. తాళంచెవి ఒకటే అయినా తలుపు తెరిచినవాడి ఉద్దేశం వేరు.

ఈనాటి ఫోను ఆటలు చేస్తున్నది కూడా ఇదే. వాడికొక పేరు ఇస్తాయి. జట్టులో ఒక స్థానం ఇస్తాయి. రేపు వస్తే బహుమతి అంటాయి, ఆ మాట తప్పక నిలుపుకుంటాయి. అయితే రేడియోకు ఉన్న ఒక గుణం వీటికి లేదు. రేడియో ధారావాహిక పావుగంటకో అరగంటకో తనంతట తానే ముగిసేది. "ఇక లేచి పోయి ఆడుకోండి" అని చెప్పకనే చెప్పేది. ఫోనుకు ముగింపు లేదు. ఒకటి పూర్తయ్యేసరికి మరొకటి దానంతట అదే మొదలవుతుంది. ఎదురుచూడడం అనేది పిల్లల జీవితంలోంచి పూర్తిగా తొలగిపోయింది. ఎదురుచూపు తెలియని మనసుకు సహనం ఎక్కడ నుండి వస్తుంది?

చెవికి ఉన్న స్థానం

దివ్యఖుర్ఆన్‌లో మానవునికి అల్లాహ్ ప్రసాదించిన శక్తుల ప్రస్తావన వచ్చిన అనేక చోట్ల శ్రవణశక్తి ముందు, దృష్టి తరువాత, హృదయం ఆ పైన వస్తాయి. సూరా నహ్ల్ 78వ ఆయతు, సూరా ముల్క్ 23వ ఆయతు చూడండి. సూరా బనీ ఇస్రాయీల్ 36వ ఆయతు ఈ మూడింటి గురించీ రేపు ప్రశ్న ఉంటుందని హెచ్చరిస్తుంది. బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ చెప్పే ఆచారం మన ఇళ్ళలో ఉన్నది. తొలి మాటను ఇంత శ్రద్ధగా వినిపించిన మనం, ఆ తరువాత పదేళ్ళ పాటు ఆ చెవిలో ఎవరు ఏమి పోస్తున్నారో పట్టించుకోకపోవడం విచిత్రం.

పైన చెప్పిన మూడు తాళంచెవులు మనకు కొత్తవి కావు. దైవప్రవక్త ముహమ్మద్ (స) వీధిలో పిల్లలు ఎదురైతే తామే వారికి సలాం చెప్పేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. అనస్ (రజి) తమ్ముడు ఒక పసివాడు. అతనిని 'అబూ ఉమైర్' అంటూ, పెద్దవారిని పిలిచినట్లు కునియతుతో పిలిచేవారు. ఆ పసివాడు పెంచుకున్న చిన్న పిట్ట చనిపోతే, దైవప్రవక్త (స) అతని దగ్గరకు చేరి దాని గురించి అడిగి పలకరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న సంఘటన ఇది. ఒక రాజ్యపు బాధ్యతలు, ఒక సముదాయపు బాధ్యతలు భుజాలమీద ఉన్న మహనీయునికి ఒక పిల్లవాడి పిట్ట గుర్తున్నది. మనకు మన పిల్లవాడి ఆటలోని జట్టు పేరైనా తెలుసా?

సౌర్ గుహలో మూడు రాత్రులు

ఆ రాత్రి ఇషా నుండి తిరిగివస్తూ మనవడితో అన్నాను: "ఫోను ఇచ్చేస్తాను. కానీ రేపటి నుండి మూడు రాత్రులు, పావుగంట చొప్పున నా దగ్గర కూర్చోవాలి. నేనొక సాహసగాథ చెబుతాను. ఏ రోజు భాగం ఆ రోజే." వాడు అనుమానంగానే ఒప్పుకున్నాడు.

నేను ఎంచుకున్నది హిజ్రత్ ప్రయాణం. పిల్లలకు చెప్పడానికి ఇంతకు మించిన సాహసగాథ ఎక్కడ ఉంది? మక్కాలో శత్రువులు వెదుకుతున్నారు. దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) మదీనాకు పోవలసినవారు. కానీ వెళ్ళినది దానికి వ్యతిరేక దిశలో, మక్కాకు దక్షిణాన ఉన్న సౌర్ కొండ గుహకు. అక్కడ గడిపినవి మూడు రాత్రులు. కథ తనంతట తానే మూడు భాగాలుగా నిలిచి ఉంది.

మొదటి రాత్రి గుహకు చేరడం వరకు చెప్పి, "శత్రువులు ఏమి పన్నాగం పన్నుతున్నారో గుహలో ఉన్నవారికి ఎలా తెలియాలి?" అన్న ప్రశ్నతో ఆపాను. వాడు కొంతసేపు ఆలోచించి, "ఎవరో ఒకరు లోపలి మనిషి ఉండాలి" అన్నాడు. "ఎవరో రేపు చెబుతాను" అన్నాను.

ఆ రేపు నేను తప్పిపోయాను. ఒక బంధువుల ఇంట పెళ్ళి మాటలకు పిలుపు వస్తే వెళ్ళి, చాలా పొద్దుపోయి వచ్చాను. కోడలు చెప్పింది, వాడు భోజనం చేసి నా మంచం దగ్గర చాప పరుచుకుని ఎదురు చూశాడట. నేను వచ్చేసరికి చాప మీదనే నిద్రపోయి ఉన్నాడు. మరునాడు క్షమించమన్నాను. "పర్వాలేదు దాదాజాన్. పెద్దవాళ్ళు అలాగే అంటారు కదా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండును. పెద్దవాళ్ళ మాట నిలవదని వాడు ఏనాడో నిశ్చయించుకున్నాడు, నేను దానికి ఇంకొక సాక్ష్యం చేర్చాను.

అప్పుడు అబూ దావూద్ గ్రంథంలోని ఒక హదీసు గుర్తుకు వచ్చింది. అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) చిన్నప్పుడు ఆయన తల్లి, ఇటు వస్తే ఒకటి ఇస్తానని ఆయనను పిలిచింది. అక్కడే ఉన్న దైవప్రవక్త (స) ఏమివ్వదలచావని ఆమెను అడిగారు. ఖర్జూరం అని ఆమె బదులు చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ మీద ఒక అబద్ధంగా రాయబడేదని ఆయన హెచ్చరించారు. పిల్లవాడికిచ్చిన మాట కూడా మాటే. ఆకాశవాణి వారు వచ్చే వారం అంటే వచ్చే వారమే. ఆ నమ్మకంతోనే మేము వసారాలో కూర్చున్నాము. నా ఇంటి పిల్లవాడు నా మాటమీద ఆ పాటి నమ్మకం పెట్టుకోలేకపోయాడు.

ఆ రాత్రి నేను అన్ని పనులూ మాని రెండవ భాగం చెప్పాను. ఆ 'లోపలి మనిషి' అబూబక్ర్ (రజి) కుమారుడు అబ్దుల్లాహ్ (రజి), చురుకైన యువకుడు. పగలంతా ఖురైషుల మధ్య తిరిగి, వారి ఆలోచనలు చెవిన వేసుకుని, చీకటి పడ్డాక గుహకు చేరి అంతా వివరించేవాడు. రాత్రి అక్కడే గడిపి, తెల్లవారకముందే మక్కాకు చేరుకుని, రాత్రంతా అక్కడే పడుకున్నట్లు కనబడేవాడు. ఆమిర్ బిన్ ఫుహైరా (రజి) మేకలను గుహ దగ్గరకు తోలుకు వచ్చి పాలు అందించేవారు. ఆ మేకల గిట్టల కింద అడుగుల జాడలు చెరిగిపోయేవని చరిత్రకారులు రాశారు. ప్రయాణపు భోజనం సిద్ధం చేసిన అస్మా (రజి), మూట కట్టడానికి తాడు దొరకక తన నడికట్టునే చించి కట్టింది. 'రెండు నడికట్ల ఇల్లాలు' అన్న బిరుదు ఆమెకు అలా వచ్చింది.

మనవడు మధ్యలో ఆపి, "అంటే ఒక్కొక్కరికి ఒక్కొక్క పని. ఒక్కరు తప్పినా అందరూ దొరికిపోతారు" అన్నాడు. ఆ కళ్ళలో ఫోను ఆటలో చూసిన శ్రద్ధే కనబడింది. వాడికి కావలసినది ఆట కాదు, తాను లేనిదే నడవని ఒక పని. అది ఎక్కడ దొరికితే వాడు అక్కడికి పోతాడు.

మూడవ రాత్రి గుహ వాకిట దాకా వచ్చిన శత్రువుల సంగతి, దారి చూపడానికి ఒంటెలతో వచ్చిన అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ సంగతి చెప్పాను. అతడు ముస్లిం కాడు. అయినా మాటకు నిలిచే మనిషి కనుక దైవప్రవక్త (స) తమ ప్రాణాన్ని అతనికి అప్పగించారు. ఆ భాగం వింటూ మా వాడు తన బడి స్నేహితుడి పేరు ఒకటి చెప్పి, "వాడు కూడా అలాంటివాడే" అన్నాడు. ఆ స్నేహితుడు ముస్లిం కాడు. వసారాలో మా ఆపా పేరు విని గంతులు వేసిన పిల్లలు నాకు గుర్తుకు వచ్చారు.

మన ఇళ్ళలో ఏమి చేయగలం?

ఈ అనుభవం తరువాత మా ఇంట్లో కొన్ని పద్ధతులు ఏర్పడ్డాయి. పాఠకులకు ఉపయోగపడవచ్చునని రాస్తున్నాను.

వేళ స్థిరంగా ఉండాలి. మగ్రిబ్ తరువాతనో, ఇషా తరువాతనో పావుగంట చాలు. ఆ పావుగంటలో పెద్దల ఫోనులు కూడా పక్కన ఉండాలి. మన చేతిలో ఫోను ఉంచుకుని పిల్లల చేతిలోది లాక్కుంటే అది తర్బియత్ అనిపించుకోదు.

కథను ముగించే తొందర వద్దు. యూసుఫ్ (అ) గాథ ఒకే సూరాలో ఆద్యంతం వరుసగా నడుస్తుంది. బావిలో పడిన రాత్రి దగ్గర ఒకసారి, చెరసాల తలుపు మూసుకున్న చోట మరొకసారి ఆపవచ్చు. సూరా కహఫ్‌లో గుహవాసుల గాథ, మూసా (అ) ప్రయాణం, జుల్‌ఖర్‌నైన్ వృత్తాంతం ఉన్నాయి. కథ పూర్తయిన రోజున ఆ ఆయతులను పిల్లల చేతనే వెదికించి చదివించండి. సౌర్ గుహలో దైవప్రవక్త (స) తమ సహచరునికి చెప్పిన ధైర్యవచనం సూరా తౌబా 40వ ఆయతులో ఉన్నది. మా వాడు దానిని తానే వెదికి పట్టుకున్నాడు.

రక్తి కోసం కల్పనలు చేర్చవద్దు. గుహ ముఖాన సాలెగూడు, పావురాల గుడ్లు అనే ముచ్చట ఎంతో ప్రచారంలో ఉన్నా, దాని ఆధారాలు బలహీనమని పలువురు హదీసు విద్వాంసులు చెప్పారు. నమ్మదగిన ఉల్లేఖనంలో ఉన్నదే చాలినంత ఉత్కంఠ కలిగిస్తుంది.

పిల్లలకు వంతు ఇవ్వాలి. వారంలో ఒక రాత్రి కథ చెప్పే బాధ్యత పిల్లలదే. మా ఇంట్లో అది శుక్రవారం. ఎనిమిదేళ్ళ మనవరాలు నూహ్ (అ) నౌక కథ చెబుతూ జంతువుల పేర్ల దగ్గరే రెండు వారాలు గడిపింది. ఎవరూ తొందరపెట్టలేదు.

మసీదు కమిటీల పెద్దలకు కూడా ఒక విన్నపం. మన శ్రీకాకుళం జామియా మసీదును షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించారు. ఇన్ని తరాలు దాటి ఆ వరుసలు మన దాకా వచ్చాయంటే, ప్రతి తరంలోనూ ఎవరో ఒక పెద్దమనిషి ఎవరో ఒక పిల్లవాడి చేయి పట్టుకుని తీసుకువచ్చినందువల్లనే. ఏ మసీదులోనైనా పిల్లలు అల్లరి చేస్తే కసిరి వెనుకకు నెట్టడం సులభం. వారి పేరు తెలుసుకుని, ఒకరికి చాపలు పరిచే పని, ఒకరికి నీళ్ళ కుండల పని, ఒకరికి ఖుర్ఆన్ ప్రతులు సర్దే పని అప్పగించి చూడండి. రాని రోజున "నిన్న కనబడలేదేమి నాయనా?" అని ఒక్క మాట అడగండి. రహస్య సంఘాల బిళ్ళలన్నీ ఆ ఒక్క మాట ముందు వెలవెలబోతాయి.

మా మనవడు ఫోను ఆట పూర్తిగా మానలేదు. ఆ మాట దాచి, కథను అందంగా ముగించడం న్యాయం కాదు. కానీ మొన్న ఇషా వేళకు నేను జ్వరంతో పడుకుని ఉంటే, వాడు తానే టోపీ పెట్టుకుని బయలుదేరాడు. "ఒక్కడివే వెళతావా?" అన్నాను. "వెళ్ళాలి దాదాజాన్. చివరి వరుసలో చాపలు పరచడం నా పని. నేను లేకపోతే వాళ్ళు చూస్తుంటారు" అన్నాడు.

మన బిడ్డల చెవులను, దృష్టిని, హృదయాలను అల్లాహ్ తన సన్మార్గం కోసం కాపాడుగాక. వారికిచ్చిన మాటను నిలుపుకునే శక్తిని పెద్దలమైన మనకు ప్రసాదించుగాక. ఆమీన్.